మూడు మిల్లీసెకన్లు ఆగు

టార్టూలో ఫిబ్రవరి.
నది పైన గట్టిపడింది, లోపల నడుస్తూనే ఉందంటారు.
మూడో అంతస్తులో, హీటర్‌కి వీపు ఆనించి,
మైము రెండువేల మూడువందల పద్నాలుగు వరుసల్ని
ఎర్రరంగులోకి మార్చి కూర్చుంది.
ఎరుపంటే తీసేద్దామని.
తీసేసినట్టు కాదు, ఇంకా.

పాత నెట్‌వర్క్ కార్డు ఒకదానికి రాసిన డ్రైవర్ అది.
కార్డు చేసిన కంపెనీ లేదు,
ఆ కంపెనీని కొన్న కంపెనీ కూడా లేదు,
ఆ షెడ్డులో ఇప్పుడు పరుపులు అమ్ముతున్నారట.
డ్రైవర్ మాత్రం కెర్నెల్‌లో ఓ గది పట్టుకుని ఉంది.
ఏటా ఎవరో ఒకరు వచ్చి ఊడ్చిపోతారు:
ఒకరు అక్షరదోషం దిద్దారు,
ఒకరు ఖాళీలు సర్దారు,
పెద్దింట్లో ఒక ఫంక్షన్ పేరు మారిన ప్రతిసారీ
ఇక్కడా మార్చారు,
కార్డు మొహం ఎరగకుండానే.
కంపైల్ అయిందా? అయింది.
బతికుందా అని అడిగే అలవాటు మాకు లేదు.

మధ్యలో ఎక్కడో, రాసినాయన మాట ఒకటి:
"ఈ కార్డు అబద్ధాలాడుతుంది.
సిద్ధమన్నాక కూడా మూడు మిల్లీసెకన్లు ఆగు.
ఎందుకో నాకు తెలీదు. హెల్దుర్."
ఆ మాట కింద ఆగడం లేదు.
మాట ఉంది, ఆగే వరుస లేదు.

మైము అలా వదిలేసే మనిషి కాదు.
పాతసామాన్ల సంతలో, కాఫీ చెంచాల డబ్బా అడుగున
దొరికింది కార్డు. చెంచాలతో కలిపి మూడు యూరోలు,
విడిగా ఇవ్వనంది ముసలమ్మ.
కింద నేలమాళిగ నుంచి పెంటియం ఒకటి
ఇద్దరం మోసుకొచ్చాం. ఫ్యాను తిరిగితే
తిరగలి తిరిగినట్టుంది.
బూట్ అయింది.
కార్డు దగ్గర ఉలుకూ పలుకూ లేదు.

"ఎప్పటి నుంచి?" అంది, చరిత్ర తవ్వుతూ.
నేను తల వంచుకుని చెంచాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.
పదకొండు.
ఆమె ఆగిన చోట తేదీ ఏడేళ్ళ కిందటిది,
పేరు నాది.
చదువుకునే రోజుల్లో నా మొట్టమొదటి ప్యాచ్.
"పనికిరాని ఆలస్యం తొలగింపు" అని శీర్షిక పెట్టాను.
శుభ్రంగా ఉందని మెచ్చుకున్నారు కూడా.
ఆ రాత్రి మా గదిలోవాళ్ళందరికీ పిజ్జా కొన్నాను.

ఏడేళ్ళు.
లోకంలో ఏ మూలా ఎవరూ
నా కార్డు చచ్చిపోయిందేమిటని అడగలేదు.
నా తప్పుకి సాక్షి లేడు,
దాని చావుకీ లేడు.
ఏది ముందు జరిగిందో ఇక తేలదు.

మైము తిట్టలేదు. తిడితే బాగుండేది.
కుర్చీ నా వైపు తోసి
"ఆ వరుస నువ్వే పెట్టు" అంది.
పెట్టాను.
పెంటియం మళ్ళీ తిరగలి విసిరింది.
మూడు మిల్లీసెకన్లు మనిషికి కనబడవు,
అయినా ఇద్దరం ఊపిరి బిగబట్టాం.
కార్డు చివర, గోరంత చోట,
పచ్చ దీపం ఒకసారి ఆలోచించి
వెలిగింది.
పక్క గదిలో యంత్రం పిలిస్తే పలికింది,
నాలుగు సార్లు పిలిస్తే నాలుగు సార్లూ.

అప్పుడు తీసేసింది.

"బాగుచేసిన గంటకే తీసేయడమేమిటి?" అన్నాను.
"ఎప్పుడైనా ఎవడికైనా కావలసొచ్చి
చరిత్రలో వెనక్కి నడిస్తే,
గుమ్మం దగ్గర పనిచేసేది దొరకాలి" అంది,
కోటు గుండీలు పెట్టుకుంటూ. "చెంచాలు నీకే."

ఆమె రాసిన నోట్ నాలుగే ముక్కలు:
వాడేవాళ్ళు ఎవరూ లేరు.
ఒక కార్డు మీద పరీక్షించాం, ఈ సాయంత్రమే.
హెల్దుర్ చెప్పింది నిజం.
కారణం మాకూ తెలీదు.

నేను దీపాలార్పబోయి
పెంటియం స్విచ్ దగ్గర కాసేపు నిలబడ్డాను.
అది సిద్ధమే అంటోంది.
ఆగాను.